పండ్లు లేని దోసె

శివరాం ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి బాన్సువాడలో రిటైరయ్యాడు. అన్నేళ్లూ బుగ్గన జర్దా పాన్ ఉండాల్సిందే, అప్పుడే చేతికి టికెట్లు తెగేవి. ఉద్యోగం అయిపోయాక పళ్లు కూడా ఎవరి స్టేజీ రాగానే వాళ్లు దిగినట్లు ఒక్కొక్కటే దిగిపోయాయి. ఆఖరిది కిందటి దసరాకు దిగింది. ఆ తర్వాత భార్య మహేశ్వరి పప్పులో పిసికి పెట్టిన అన్నం, పాలలో నానబెట్టిన రొట్టె తప్ప ఆయన నోట్లోకి మరొకటి పోలేదు.

ఎండలు తగ్గగానే నిజామాబాద్ పోయి కట్టుడు పళ్లు పై వరుస, కింది వరుస రెండూ కట్టించుకున్నాడు. "మొదటి నెల మెత్తటివే తినండి. ఎక్కడైనా గుచ్చుకుంటే రండి, అరగదీసి సరిచేస్తాను" అని డాక్టరు చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు శివరాం అద్దంలో చూసుకుంటున్నాడు. సగమే చెవికెక్కింది.

బస్సు దిగి ఇంటికి నడిచేలోపు గల్లీలో కనబడిన ప్రతివాడికీ ఆగి నవ్వి చూపించాడు.

"ఇగ చెరుకు గడ ఇచ్చినా నములుత" అన్నాడు.

మహేశ్వరి సంబరపడి వేడివేడిగా జొన్నరొట్టె కాల్చింది, మటన్ కూర వండింది. శివరాం పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకుని కొరికాడు. కింది వరుస ఎడమ పక్కన చిగురులో సూదిలా దిగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏమైందయ్యా?" అంది మహేశ్వరి.

గల్లీ అంతటికీ నవ్వి చూపించి ఇంకా గంట కాలేదు. పళ్లు పనిచేయడం లేదని చెప్పడానికి నోరు రాలేదు.

"ఏంగాలె. పిండి మంచిగ లేదు. రొట్టె తోలు తీరుగైంది" అన్నాడు.

మహేశ్వరి చేతి రొట్టెకు అప్పటిదాకా వంక పెట్టినవాళ్లు లేరు. ఆమె ఆ సాయంత్రమే పిండి గిర్నీకి పోయి, నా జొన్నల్లో ఏం కలిపినవని గిర్నీ నడిపే మహిపాల్‌తో కొట్లాడి వచ్చింది. ఆ పిండి పారబోసి కొత్త జొన్నలు పట్టించింది. మర్నాడు మళ్లీ "తోలు". మూడోనాడు "మటన్ ఉడకలే". నాలుగోనాడు ఆమె పొయ్యి ముందు నుంచి లేచి చేతులు కడుక్కుంది.

"నా వంట నీ కొత్త పండ్లకు ఆనుతలేదు. ఊళ్లె ఇన్ని హోటళ్లున్నయి గదా, పోయి తిను. నేను నా ఒక్కదానికే వండుకుంట."

అలా శివరాం బాన్సువాడ హోటళ్ల మీద పడ్డాడు.

మొదటి రోజు పాత బజారు గల్లీలో నాగేంద్రమ్మ దగ్గర ఇడ్లీ తిన్నాడు. ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని, భార్యకు వినబడాలని గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు.

"నోట్లె పెట్టిన. కొరుకుదామని చూస్తె లేదు! ఏడ పోయిందని ఎతుకుతున్న. చూస్తె మింగనే మింగిన. గదీ ఇడ్లీ అంటె! నాగేంద్రమ్మకు ఫుల్ టికెట్."

లోపల మహేశ్వరి గిన్నెలు కొంచెం గట్టిగా సర్దింది. మేడ మీద గదిలో కిరాయికుండే హేమలత మాత్రం పకపకా నవ్వింది.

హేమలతది పెద్ద కొడప్‌గల్ దగ్గర తండా. బాన్సువాడలో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేస్తూ, ఫోనులో 'బాన్సువాడల ఏం తిందాం?' అని ఒక పేజీ నడుపుతోంది. దాన్ని చూసేవాళ్లు తొంభై మంది. అందులో సగం తండావాళ్లే. రోజూ తిండి ఫొటోలు పెట్టడం కూడా ఒక పనేనా అని తల్లి మోతీబాయి ఫోను చేసినప్పుడల్లా అడుగుతుంది.

"కాకా, గిప్పుడు చెప్పింది మళ్లొకసారి చెప్పు" అని హేమలత ఫోను పట్టుకుని మెట్లు దిగింది. "నీ మొకం చూపియ్య. ప్లేటు, నీ గొంతు, గంతే."

శివరాంకు అభ్యంతరం ఏముంటుంది? తన మాట వినేవాళ్లు ఇంట్లో తగ్గిపోయిన రోజులవి.

మొహం చూపించకపోయినా ఊరు ఆ గొంతును ఒక్క పూటలో గుర్తుపట్టింది. "వర్ని, రుద్రూర్, బోధన్" అని ముప్పై ఏళ్లు బస్టాండంతా మోగిన గొంతు అది. వారం తిరిగేసరికి చూసేవాళ్లు తొంభై నుంచి నాలుగు వేలయ్యారు. శివరాం నక్షత్రాలూ మార్కులూ ఇవ్వడు. బాగుంటే ఫుల్ టికెట్. పరవాలేదనుకుంటే హాఫ్ టికెట్. నచ్చకపోతే ఒకటే మాట: "దిగిపొండ్రి!"

బోధన్ రోడ్డు మీద భీంరావు బండి దగ్గర పోహా తిన్నాడు. భీంరావు దెగ్లూర్ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. అటుకులను పోహా అనే అంటాడు, మాటల్లో సగం మరాఠీ. అటుకులు మెత్తగా ఉన్నాయి కానీ మధ్యలో పల్లీ ఒకటి శివరాం కింది వరుసకు అడ్డం పడింది.

"అటుకులకు ఏం పేరు పెట్టేది లేదు. అటుకుల పని అటుకులు చేసుకుంటుంటె నడుమ పల్లీల పెత్తనమేంది? హాఫ్ టికెట్."

మెయిన్ రోడ్డు మీద ఒక బిర్యానీ హోటల్లో ముక్క తెగలేదు. "ఈ మేక నిజాంసాగర్ కాలువ పొంటి రోజు ఉరికినట్లున్నది. మస్తు కసరత్ చేసిన బాడీ. దిగిపొండ్రి" అన్నాడు. ఆ మర్నాడు ఛాయ్ దుకాణంలో, పొద్దున వేయించి మూత పెట్టి ఉంచిన సమోసా సాయంత్రం తిన్నాడు. అది చెమట పట్టి, మెత్తబడి, చేతిలోనే వంగిపోయింది.

"అబ్బ! ఏం సమోసా! ఒక్క మూల గూడ ఎదురు తిరుగలే" అన్నాడు. ఫుల్ టికెట్.

ఆ దుకాణం ముందు మర్నాడు ముప్పై మంది నిలబడ్డారు. తిని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కానీ పెద్దాయన చెప్పాడంటే అందులో ఏదో ఉంటుందని, తమకే తెలియడం లేదేమోనని ఎవరూ పైకి అనలేదు. దుకాణందారు సమోసాలను ఆ రోజు నుంచి కావాలనే తడిగుడ్డ కప్పి ఉంచడం మొదలుపెట్టాడు.

మొదట్లో శివరాంకు తన మాటల్లో ఎంత పళ్లది, ఎంత నాలుకదో తెలుసు. పది వీడియోలయ్యాక, రోడ్డు మీద కుర్రాళ్లు "కాకా, ఇయ్యాల ఏడ తింటున్నవు?" అని అడగడం మొదలుపెట్టాక, ఆ సంగతి ఆయనే మరిచిపోయాడు. రుచి అంటే ఇదేనని నిజంగానే నమ్మాడు.

అప్పుడు వచ్చింది లింగం దోసె వంతు.

బస్టాండు ఎదురుగా లింగం దోసెలు పోయబట్టి ఇరవై ఏళ్లు. కాగితమంత పలచన, అంచు చూస్తే బంగారం రంగు, ముట్టుకుంటే కరకర. పిట్లం నుంచి, నస్రుల్లాబాద్ నుంచి దవాఖానకూ ఆఫీసులకూ వచ్చినవాళ్లు పని కాకపోయినా లింగం దోసె తినే బస్సెక్కుతారు. శివరాం అంచు తుంచి కొరికాడు. పెళుసు ముక్క ఒకటి పోయి కింది వరుస కింద, సరిగ్గా ఒరిపిడికి పడిన పుండు మీద కూర్చుంది. ప్రాణం జివ్వుమంది.

"దోసెనా ఇది? గాజుపెంకు! జాన్ మీద ఆశ ఉన్నోళ్లు తినకుండ్రి. దిగిపొండ్రి, దిగిపొండ్రి!"

రెండుసార్లు దిగిపొండ్రి అన్నది అదే మొదలు. ఆ వీడియోను ముప్పై వేల మంది చూశారు. కాలేజీ పిల్లలు లింగం దగ్గరికి వచ్చి "అన్నా, రెండు గాజుపెంకులు, ఒకటి ఉల్లిగడ్డ ఏసి" అనడం మొదలుపెట్టారు. కొందరు నవ్వి ఊరుకున్నారు. కొందరు రావడమే మానేశారు.

నాలుగు రోజులు చూసి, ఐదోనాడు లింగం ఒక డబ్బాలో దోసె పెట్టుకుని శివరాం ఇంటికి వచ్చాడు. కొట్లాటకు వచ్చాడనుకుని హేమలత పైనుంచి పరుగెత్తుకొచ్చింది. లింగం గడప దగ్గరే నిలబడి డబ్బా ముందు పెట్టాడు.

"అన్నా, నేను లొల్లికి రాలే. ఇరవై ఏండ్లు పెనం ముంగట నిలబడ్డ. నాకు తెల్వకుంటనే ఏదో తప్పు అయితుండొచ్చు. నువ్వు పది హోటళ్లు తిరిగినోనివి. ఏం తప్పో చెప్పు, సరిజేసుకుంట."

తిట్టి ఉంటే శివరాం తిరిగి తిట్టేవాడు. మహేశ్వరి వచ్చి డబ్బా మూత తీసి ఒక ముక్క తిన్నది. నిదానంగా నమిలింది.

"మంచిగనే ఉన్నది గదా" అంది.

ఇద్దరూ ఆయన వైపు చూశారు. నిజం చెప్పడానికి అదే సమయం. శివరాం గొంతు సవరించుకున్నాడు.

"పిండి... పిండి రుబ్బుడు తక్కువైతుంది" అన్నాడు. "నీ గ్రైండర్ పాతదైనట్లున్నది."

లింగం ఆ మాటను కళ్లకద్దుకున్నట్లు తీసుకుని వెళ్లిపోయాడు. మూడు రోజుల్లో పాత రాతి గ్రైండర్‌ను పిట్లంలో టిఫిన్ సెంటర్ పెట్టుకున్న దయానంద్‌కు ఇచ్చేసి, స్టీలుది కొత్తది తెచ్చాడు. కొత్త దానిలో పిండి వేడెక్కి ముందే పులిసింది. దోసె పెనానికి అంటుకుని ముద్దలా లేచింది. ఇన్నాళ్లూ శివరాం మాట లెక్కచేయకుండా వచ్చే పాత గిరాకీ కూడా ఒకపూట తిని, నీళ్లు తాగి వెళ్లి, మళ్లీ రాలేదు.

ఈ సంగతి శివరాంకు హేమలత చెప్పింది. ఆయన ఆ పూట నాగేంద్రమ్మ ఇడ్లీ కూడా సగమే తిన్నాడు.

"కాకా, ఒక పని చేద్దాం" అంది హేమలత. "అంగడి రోజు లింగమన్న కాడ ఇంకొకసారి తిను. లైవ్ పెడుత. ఈసారి మంచిగుంటె మంచిగున్నదని చెప్పు. ఆయనకు గింతన్న పేరు వాపసొస్తది."

శివరాం సరేనన్నాడు. ఎట్లున్నా ఫుల్ టికెట్ అనేద్దాం, పీడ పోతుందనుకున్నాడు.

అంగడి రోజు, అంటే వారం సంత నాడు, బస్టాండు ముందు కాలు పెట్టే సందు లేదు. కూరగాయల గంపలు, మేకలు, బస్సు కోసం నిలబడ్డ జనం. లింగం హోటల్ ముందు యాభై మంది గుమిగూడారు. సంచీ పట్టుకుని మహేశ్వరి కూడా ఒక పక్కన నిలబడింది. లింగం కొత్త గ్రైండర్ పిండి పక్కన పెట్టి, ఆ ఒక్కరోజుకు పక్కింటి రాతి రోలులో స్వయంగా రుబ్బిన పిండి తెచ్చాడు. పెనం మీద నీళ్లు చల్లి, గరిటె తిప్పి, ఇరవై ఏళ్లుగా పోస్తున్న దోసెనే పోశాడు. అది కరకరలాడుతూ ప్లేటులో కూర్చుంది.

హేమలత ఫోను పట్టింది. ఈసారి జనం అడిగారని ఆయన మొహం కూడా చూపిస్తోంది.

శివరాం తుంచుకోలేదు. జనం చూస్తున్నారని, మడిచిన దోసెను రెండు చేతులా పట్టుకుని ఒక మూల నోట్లో పెట్టి గట్టిగా కొరికాడు. నొప్పికి దవడ ఒక్కసారిగా తెరుచుకుంది. దోసెను వెనక్కి లాగాడు.

దోసెతో పాటు కింది వరుస కూడా వచ్చింది. దోసె అంచును పట్టుకుని, వదలకుండా, ఎండలో తెల్లగా మెరుస్తూ వేలాడింది.

ముందున్నవాళ్లు మెడలు చాచి చూశారు.

అప్పుడు నస్రుల్లాబాద్ బస్సు కోసం గంప మీద కూర్చున్న ఒక ముసలామె లేచి ముందుకు వచ్చింది. ఆమె పేరు బక్కమ్మ. దోసె దగ్గరికి వంగి తేరిపార చూసింది.

"గిసుంటియే నాకు గూడ కట్టిచ్చిండ్రు కొడుకా" అంది. "గుచ్చుతున్నయని చెప్తె నా కోడలు నవ్వుతదని, డబ్బల ఏసి బియ్యంల దాసిన. నీయి గూడ గుచ్చుతున్నయా?"

జనం నవ్వు ఒక్కసారిగా పేలింది. మేకలు బెదిరాయి. శివరాం చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి పారిపోదామంటే దారి లేదు. బక్కమ్మ ఆయన మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఆమె ఒక్కతే నవ్వడం లేదు.

"గుచ్చుతున్నయి అవ్వా" అన్నాడు శివరాం. "మొదటి దినం సంది గుచ్చుతున్నయి."

పై వరుస కూడా తీశాడు. రెండూ కడిగి రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. దోసెను సాంబారులో ముంచి, నానాక చెంచాతో తీసుకుని చిగుళ్లతో నొక్కి మింగాడు. మరోసారి తీసుకున్నాడు. ఇన్ని రోజుల్లో నొప్పి భయం లేకుండా నాలుకకు తగిలిన మొదటి రుచి అది. కాల్చిన అంచు కమ్మదనం, పిండి పులుపు, చట్నీలో పచ్చిమిర్చి, అన్నీ ఒక్కొక్కటిగా తెలిశాయి. ప్లేటు ఖాళీ చేశాడు.

"లింగం, దోసె అంటె ఇదీ" అన్నాడు చివరికి. పళ్లు లేక మాటలు ఈలలు వేస్తున్నాయి. "తప్పు దోసెది గాదు, పండ్లది. పండ్లది గూడ గాదు. డాక్టర్ చెప్పిండు, నేను ఇనలే. ఇజ్జత్ పోతదని తిండికి పేరు పెట్టిన. ఫుల్ టికెట్ తమ్మీ. ఆ మేక గూడ మంచిదే ఉండె, పల్లీలు గూడ మంచియే."

లింగం గరిటె కింద పెట్టాడు.

"అంటె అన్నా, నా గ్రైండర్ మంచిదే ఉండెనా?"

"మంచిదే ఉండె."

"పిట్లంల ఇచ్చేస్తి గదనే!" అని లింగం తల పట్టుకున్నాడు.

మహేశ్వరి సంచీ చంకన పెట్టుకుని ముందుకు వచ్చింది. "నా రొట్టె?" అంది. అంతే.

"బంగారం" అన్నాడు శివరాం తల దించుకుని.

"గా మహిపాల్‌ను నలుగుట్ల దొంగ అని అంటి. నడువు. గిర్నీకి పోయి గా ముచ్చట నువ్వే చెప్పు."

ఆమె ముందూ, ఆయన వెనకా. అంగడిలో సగం మంది గిర్నీ దాకా వెంట వెళ్లారు. మహిపాల్ అంతా విని, పిండి దులుపుకుని, మరొకసారి చెప్పమన్నాడు. గిర్నీ చప్పుడులో వినబడలేదన్నాడు. గిర్నీ ఆగి ఉంది. శివరాం మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

గ్రైండర్ కోసం మర్నాడే పిట్లం బయలుదేరాడు. దయానంద్ మొదట ఒప్పుకోలేదు. "దోసెలు ఇప్పుడిప్పుడే మంచిగొస్తున్నయి, నేనెందుకిస్త?" అన్నాడు. శివరాం సాయంత్రం దాకా అక్కడే బెంచీ మీద కూర్చుని, వచ్చిన ప్రతి గిరాకీకీ తన కథ మొదటి నుంచి చెప్పాడు. జనం దోసెలు మానేసి కథ వినసాగారు. దయానంద్ గ్రైండర్‌ను స్వయంగా మోసుకొచ్చి బస్సులో పెట్టాడు.

అంగడి వీడియోను లక్షల్లో చూశారు. నవ్వడానికి చూసినవాళ్లు నవ్వి మరిచిపోయారు. కానీ హేమలత ఫోనుకు వేరే రకం కాల్స్ మొదలయ్యాయి. మా నాయినకు పండ్లు లేవు, ఆ మెత్తటి సమోసా ఏ దుకాణంలో? మా అవ్వను దవాఖానకు తెస్తున్నాం, ఆ నోట్లో మాయమయ్యే ఇడ్లీ ఎక్కడ? శివరాం పాత వీడియోలు వాళ్లకు అక్షరాలా పనికొచ్చాయి. తడిగుడ్డ సమోసా దుకాణం ముందు ఈసారి నిలబడినవాళ్లు తిని ఒకరినొకరు చూసి తల ఊపారు.

లింగం కూడా ఆ గిరాకీ కోసం మందంగా, దూదిలా ఒక దోసె కనిపెట్టాడు. దానికి శివరాం పేరు పెడతానంటే ఆయన చేతులు జోడించి వద్దన్నాడు. లింగం ఆలోచించి బోర్డు మీద 'పండ్లు లేని దోసె' అని రాయించాడు. ఇటువైపు పళ్లను పండ్లనే అంటారు గనుక ఆయన దృష్టిలో అందులో తికమక ఏమీ లేదు. మొదటి రోజే హైదరాబాద్ నుంచి కారులో వచ్చిన ఒకాయన బోర్డు చదివి, "పండ్లు ఉన్న దోసెలో ఏమేం వేస్తారు? అరటిపండా, యాపిలా?" అని అడిగాడు. లింగం ఆయన నోటి వైపు చూసి, "మీకు ఉన్నయి గదా సార్, మీరు మామూలుది తినుండ్రి" అన్నాడు.

శివరాం నిజామాబాద్ పోయి పళ్లు అరగదీయించి సరిచేయించుకున్నాడు. నెల రోజులు మెత్తటివే తిన్నాడు. రెండో నెలలో రొట్టె తిన్నాడు. మహేశ్వరి ఎదురుగా కూర్చుని, ఆఖరి ముక్క మింగేదాకా రెప్ప వేయకుండా చూసింది.

హేమలత మళ్లీ ఫోను పట్టుకుని వచ్చింది. శివరాం భీంరావు బండి దగ్గర అటుకులు, పల్లీలు అన్నీ నమిలి "మంచిగున్నయి" అన్నాడు. బిర్యానీ తిని "ఇది గూడ మంచిగనే ఉన్నది" అన్నాడు. నాలుగు వీడియోలకు చూసేవాళ్లు సగానికి పడిపోయారు.

"కాకా, జర తిట్టు" అని హేమలత బతిమాలింది. "ఒక్కదాన్నన్న తిట్టు."

శివరాం ఇంకో ముద్ద నమిలి చూశాడు. "తిట్టొస్తలేదు బిడ్డా. నిజంగనే మంచిగున్నది" అని ఇంకో ప్లేటు చెప్పాడు.

తర్వాతి అంగడికి బక్కమ్మ బియ్యంలోంచి తీసిన పళ్లు పెట్టుకుని వచ్చింది. హేమలత ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, ముందు మిర్చి బజ్జీల ప్లేటు పెట్టి ఫోను ఎత్తింది. బక్కమ్మ ఒక బజ్జీ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. కొరికి, నిదానంగా నమిలి, కనుబొమలు ముడిచి ఫోనులోకి సూటిగా చూసింది.

"ఇది చేసిన పిల్లగాడు ఎవ్వడు?" అంది. "పిలువుండ్రి ఇటు."